ట్రిగ్గర్ గట్టిగా ఉందా? ఆకురాయి పట్టకండి

సింగిల్ షాట్ వేట రైఫిల్ వాడేవాళ్లకు ఒక మాట. ట్రిగ్గర్ బరువుగా, గరగరలాడుతూ ఉందనిపిస్తే చాలామంది ముందు స్ప్రింగ్ కత్తిరించడమో, లోపలి భాగాలను ఆకురాయితో రుద్దడమో మొదలుపెడతారు, దయచేసి ఆ పని చేయకండి. తూటాను కొట్టి పేల్చే హ్యామర్‌ని పట్టి ఉంచే సియర్ అంచు మీద గట్టిపరిచిన పొర చాలా పలచగా ఉంటుంది, అది అరిగిపోతే తుపాకీ కింద పడినా, దేనికైనా తగిలినా దానంతటదే పేలొచ్చు.

చాలాసార్లు అసలు కారణం ఎండి జిగురైపోయిన పాత నూనె, దుమ్ము. తూటా తీసేసి, తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలితో కూడా తడిమి, ట్రిగ్గర్ భాగాన్ని సాల్వెంట్‌తో కడిగి, పూర్తిగా ఆరాక పలచటి నూనె ఒక్క చుక్క వేయండి. ఎక్కువ వేస్తే మళ్లీ మట్టి పట్టేస్తుంది. తేడా వెంటనే వేలికి తెలుస్తుంది.

తర్వాత స్నాప్ క్యాప్ (మందు లేని డమ్మీ తూటా) పెట్టి, గొట్టం ఎవరూ లేని వైపు ఉంచి, రోజూ 20 సార్లు మెల్లగా నొక్కి సాధన చేయండి. నాకైతే బరువు సగం తగ్గినట్టే అనిపించింది! వేటకు 3 నుంచి 4 పౌండ్ల పుల్ (ట్రిగ్గర్ నొక్కడానికి కావాల్సిన బలం) చాలు, ఇంకా సరిచేయాల్సి ఉంటే గన్‌స్మిత్‌కే ఇవ్వండి, పుల్ గేజ్‌తో కొలిచి చేస్తారు.