పాత గోడకి సున్నమే వేయించండి
గుంటూరులో మా పాత ఇంటివి సున్నం గచ్చు గోడలు, అలాంటి గోడకి ప్లాస్టిక్ ఎమల్షన్ పెయింట్ మాత్రం వేయించకండి, లోపలి చెమ్మకి బయటికి పోయే దారి లేక మా వరండాలో రెండేళ్లు తిరక్కుండానే పొరలు పొరలుగా ఊడిపోయింది. సున్నం వేస్తే గోడకి గాలి ఆడుతుంది. రంగు కావాలంటే కావిరాయి పొడి (ఎరుపు), పేవుడి (పసుపుపచ్చ) లాంటి మట్టి రంగులే కలపండి, సున్నం ఘాటుకి అవి నిలబడతాయి. వంటింటి పసుపు మాత్రం వద్దు, సున్నం తగిలితే ఎర్రబడుతుంది, పారాణి తెలుసుగా! తడి మీద ముదురుగా కనిపించే రంగు ఆరాక బాగా తేలిపోతుంది కాబట్టి ముందు ఒక మూల జానెడు మేర వేసి, పూర్తిగా ఆరనిచ్చి చూసుకోండి. మన ఎండలకి గోడని ముందే తడిపి, సాయంత్రం పూట, పల్చగా మూడు పూతలు వేయించండి. చిక్కగా ఒకే పూత వేస్తే పొడిపొడిగా చేతికి అంటుకుంటుంది.