దూప తీరని పిల్లలు: సుగర్ లేదని తేలాక ఏం చూడాలి

సమస్య: ఎంత తాగినా దూప ఆగదు. రాత్రి లేచి లేచి నీళ్లడుగుతారు. అందకపోతే స్నానాల బకెట్లోవి ముంచుకుని తాగుతారు. మూత్రం నీళ్లలాగే రంగు లేకుండా పోతుంది. పక్క తడపడం మానేసిన పిల్లలు మళ్లీ మొదలుపెడతారు. చంటిపిల్లలైతే నోటితో చెప్పలేరు. ఊరికే జ్వరం, వాంతులు, మలబద్ధకం, బరువు పెరగకపోవడం కనిపిస్తాయి.

నల్లగొండ, పాలమూరు ఎండలకు ఇది మామూలేనని వదిలేస్తుంటారు. రాత్రిపూటా, చలికాలంలోనూ ఇదే తీరైతే అది ఎండ వల్ల కాదు.

ముందు చేయాల్సింది: అదే రోజు సుగర్ పరీక్ష. పిల్లల్లో సుగర్ జబ్బు చూస్తుండగానే ప్రాణం మీదికి వస్తుంది. సుగర్ లేదంటే అక్కడితో ఆగొద్దు, అది సుగర్‌తో సంబంధం లేని డయాబెటిస్ ఇన్‌సిపిడస్ అనే జబ్బు కావొచ్చు. ఒక పగలూ రాత్రీ మూత్రమంతా లీటరు సీసాతో కొలవండి. రెండేళ్లు దాటిన పిల్లల్లో కిలో బరువుకు 50 మి.లీ. మించితే, అంటే 20 కిలోల పాపకు లీటరు దాటితే, ఆ లెక్క రాసుకుని పిల్లల డాక్టరుకు చూపించండి.

పక్క తడుపుతుందని సాయంత్రం నుంచి నీళ్లు బంద్ చేయొద్దు. దయచేసి ఈ ఒక్క మాట వినండి. ఈ జబ్బున్న బిడ్డకు నీళ్లాపితే రక్తంలో సోడియం పెరిగి మగత, ఫిట్స్ వస్తాయి. నీళ్లు ఆపి చేసే పరీక్ష ఒకటుంది. గంటగంటకూ బరువు, మూత్రం చూస్తూ అది ఆసుపత్రిలోనే చేయాలి.

కారణం: డయాబెటిస్ ఇన్‌సిపిడస్. మెదడులో తయారయ్యే వాసోప్రెసిన్ హార్మోన్ నీటిని వెనక్కి పీల్చుకొమ్మని కిడ్నీలకు చెబుతుంది. ఆ హార్మోన్ తగ్గితే ఒక రకం, ఉన్నా కిడ్నీలు దానికి స్పందించకపోతే ఇంకో రకం. రెండోది పుట్టుకతో వస్తే ఎక్కువగా మగపిల్లల్లోనే కనిపిస్తుంది. నీళ్లు ఆపి చేసే ఆ పరీక్షలో రక్తం చిక్కబడినా మూత్రం పలచగానే ఉంటే జబ్బు ఉన్నట్టే. ఆ హార్మోన్‌లా పనిచేసే డెస్మోప్రెసిన్ మందు ఇచ్చాక మూత్రం చిక్కబడితే మొదటి రకం. అప్పుడు మెదడుకు ఎమ్మారై తప్పనిసరి, గడ్డ ఉండే అవకాశం ఉంది. తలనొప్పి, చూపు మసక, ఎదుగుదల ఆగడం కూడా ఉంటే ఎమ్మారై అసలే వాయిదా వేయొద్దు.

పరిష్కారం: మొదటి రకానికి డెస్మోప్రెసిన్ మాత్రలు లేదా ముక్కులో కొట్టే స్ప్రే. మందు పనిచేస్తున్నప్పుడు దూపైనంతే తాగాలి. ఎండలని బలవంతంగా పట్టిస్తే సోడియం పడిపోయి వాంతులు, ఫిట్స్ వస్తాయి. రోజుకొకసారైనా మందు ప్రభావం తగ్గి మూత్రం ధారాళంగా వచ్చాక తర్వాతి డోసు వేస్తే ఆ ముప్పు తగ్గుతుంది. వేళలు మాత్రం డాక్టరే చెప్పాలి.

రెండో రకానికి మామూలు మోతాదులో ఆ మందు పనిచేయదు. ఎప్పుడూ నీళ్లు అందుబాటులో ఉండాలి. పచ్చళ్లు, అప్పడాలు పక్కన పెట్టి ఉప్పు తగ్గించాలి. డాక్టర్ థయజైడ్ వంటి మాత్రలు రాస్తారు.

వాంతులు, విరేచనాలు పట్టుకుని నీళ్లు నిలవకపోతే ఏ రకమైనా వెంటనే ఆసుపత్రికి పోవాలి. సెలైన్ ఎక్కించకముందే ఈ జబ్బు పేరు చెప్పండి, రెండో రకంలో మామూలు ఉప్పు సెలైన్‌తో సోడియం ఇంకా పెరగొచ్చు. బడిలో నీళ్ల సీసా పక్కనే ఉంచుకోనివ్వాలనీ, అడగ్గానే బయటికి పంపాలనీ డాక్టర్ చీటీ రాయించి టీచరుకు ఇవ్వండి.