పాత యాట్ మోటార్ విప్పే ముందు జాగ్రత్తలు

చెన్నై హార్బర్ ఉప్పుగాలికి రాగి తీగ కూడా పచ్చబడిపోతుంది. యాంకర్ వించ్ (లంగరు గొలుసుని పైకి లాగే మోటార్ యంత్రం) తిరగకపోతే ముందు అనుమానించాల్సింది మోటార్‌ని కాదు, కనెక్షన్లని.

- ఏదీ విప్పకముందే, గొలుసుకి దూరంగా నిలబడి, ఇంకొకరిని బటన్ నొక్కమని మోటార్ టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ చూడండి. ఊరికే ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు చూపించి, బటన్ నొక్కగానే మోటార్ దగ్గర 9 మాత్రమే వస్తే ముందు బ్యాటరీనో కేబుల్‌నో అనుమానించండి.
- తర్వాత ఒడ్డు నుంచి వచ్చే 230 వోల్టుల ప్లగ్ పీకేయండి. ఇన్వర్టర్, సోలార్ కూడా ఆపండి.
- మెయిన్ స్విచ్ ఆపేశాం కదా అని ధీమా వద్దు. అడుగున చేరే నీళ్లు తోడే బిల్జ్ పంపుని చాలా పడవల్లో నేరుగా బ్యాటరీకే కలుపుతారు, ఎవరూ లేనప్పుడూ అది పనిచేయాలి మరి. మీటర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి.
- ఉంగరం, వాచీ, మెడలో గొలుసు తీసేయండి. 12 వోల్టులకు మామూలుగా షాక్ కొట్టదు గానీ, రెండు టెర్మినళ్ల మధ్య పడ్డ ఉంగరం క్షణంలో ఎర్రగా కాలుతుంది.
- బ్యాటరీ గదికి గాలి తగలనివ్వండి, మండే హైడ్రోజన్ వాయువు చేరి ఉండొచ్చు. నెగటివ్ వైరే ముందు తీయాలి.
- మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) సాధారణంగా 500 వోల్టులు పంపిస్తుంది. కంట్రోలర్ వైర్లు విడదీయకపోతే అదీ మాడిపోయి ఖర్చు రెండింతలవుతుంది.
- వైర్లకు ఫొటో తీసుకోండి. పాత పడవలో రంగుల్ని నమ్మలేం.