చంద్రుడి అంచున జంట నక్షత్రాన్ని పట్టడం

చంద్రుడి మీద గాలి లేదు. అందుకే దాని చీకటి అంచు అడ్డొచ్చినప్పుడు నక్షత్రం మెల్లగా మసకబారదు, ఠక్కున ఆరిపోతుంది. ఆ ఆరడం రెండు మెట్లుగా జరిగితే అక్కడున్నది జంట అని అనుమానించాలి. 0.1 ఆర్క్ సెకన్ల (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) ఎడంలో ఉన్న జంటను నా 8 అంగుళాల టెలిస్కోపు ఎంత గాలి నిలకడగా ఉన్నా విడదీయలేదు. చంద్రుడి అంచు విడదీస్తుంది. నన్ను ఈ పనికి కట్టిపడేసింది అదే.

1819 ఏప్రిల్ 13న వియన్నాలో బ్యూర్గ్ అనే ఖగోళవేత్త జ్యేష్ఠ నక్షత్రం (అంటారిస్) చంద్రుడి చాటునుంచి బయటికి రావడం చూస్తుంటే, ముందు ఒక చిన్న నక్షత్రం కనిపించింది, కొన్ని సెకన్ల తర్వాతే జ్యేష్ఠ వెలిగింది. ఆ ఎర్ర నక్షత్రానికి తోడు ఉందని అలా బయటపడింది.

మొదలుపెట్టేవాళ్లు శుక్లపక్షం ఎంచుకోండి. అప్పుడు చీకటి అంచే ముందు నడుస్తుంది, నక్షత్రం మాయమయ్యే దాకా కళ్లెదుటే ఉంటుంది. కృష్ణపక్షంలో చీకటి అంచు వెనక నుంచి నక్షత్రం పైకి తేలుతుంది. ఎక్కడ తేలుతుందో ముందే తెలిసుండాలి. ఆకల్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మీ అక్షాంశం, రేఖాంశం, ఎత్తు ఇస్తే సమయం, పొజిషన్ యాంగిల్ (అంచు మీద ఎక్కడో చెప్పే కోణం), ఇదివరకే జంటగా నమోదైన నక్షత్రమా కాదా అన్నీ చెబుతుంది.

కంటితో చూస్తే "ఏదో తడబడినట్టుంది" అన్నంతవరకే తెలుస్తుంది. కొలవాలంటే వీడియో కావాలి. సెకనుకు 25 ఫ్రేములంటే ఒక్కోటి 0.04 సెకను. ఆటో గెయిన్, ఆటో ఎక్స్‌పోజర్ ఆపేయండి, కంప్రెషన్ వద్దు, నక్షత్రాన్ని తెల్లగా మాడనివ్వకండి. ప్రతి ఫ్రేము మీద జీపీఎస్ సమయం పడాలి. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. ఒకసారి 3 ఫ్రేముల చక్కటి మెట్టు దొరికిందని పొంగిపోయాను. తీరా చూస్తే ల్యాప్‌టాప్ సరిగ్గా ఆ చోటే కొన్ని ఫ్రేములు వదిలేసింది. ఫ్రేముల మీద సమయం ముద్ర లేదు కాబట్టి ఎన్ని పోయాయో తెలీదు. ఆ రాత్రి కొలత పక్కన పెట్టేశాను.

తర్వాత వీడియోలో నక్షత్రం వెలుగును కొలిచే సాఫ్ట్‌వేర్లు లిమోవీ గానీ టాంగ్రా గానీ తెరిచి వెలుగు గీత గీయించండి. ఒక ఉదాహరణ: వెలుగు 100 నుంచి 40కి పడింది, 8 ఫ్రేములు అక్కడే నిలిచింది, ఆపైన సున్నా. అంటే 60, 40 వాటా ఉన్న రెండు నక్షత్రాలు. ప్రకాశ పరిమాణంలో (మ్యాగ్నిట్యూడ్‌లో) తేడా 0.44. ఎడం 0.32 సెకను. ఆ కోణంలో అంచు వేగం సెకనుకు 0.35 ఆర్క్ సెకన్లని ఆకల్ట్ చెబితే, గుణిస్తే దూరం 0.11 ఆర్క్ సెకన్లు.

కానీ ఇది అసలు దూరం కాదు, అంచు కదిలే దిశలో పడిన దాని నీడ మాత్రమే. జంటను కలిపే గీత అంచుకు సమాంతరంగా ఉంటే రెండూ ఒకేసారి ఆరిపోతాయి, మెట్టే ఉండదు. అందుకని వేరే ఊరి నుంచి, వేరే కోణంలో ఇంకొకరి కొలత తప్పనిసరి. రెండూ కలిస్తేనే నిజమైన దూరం, దిశ వస్తాయి. మెట్టు కనిపించకపోయినా ఆ సంగతి కొలతలు పోగుచేసేవాళ్లకు పంపండి, అదీ లెక్కకు పనికొస్తుంది.

మోసపోయే చోట్లూ ఉన్నాయి. రోహిణి లాంటి పెద్ద నక్షత్రం పళ్లెం (కనిపించే గుండ్రటి వెడల్పు) 0.02 ఆర్క్ సెకన్లుంటుంది, ఒక్కటే అయినా ఒకటి రెండు ఫ్రేములు జారుతుంది. గాలి మినుకు కూడా మెట్టులా నటిస్తుంది. నేనైతే అంతకుముందు నిమిషం పాటు గీత ఎంత ఊగిందో చూస్తాను. మెట్టు ఎత్తు ఆ ఊపును మించకపోతే జంట అని రాయను. చంద్రవంక కొమ్ముల దగ్గరి ఘటనల్లో అంచు ఏటవాలుగా తాకుతుంది, కొండలు లోయలు గీతను చెడగొడతాయి. కొత్తలో వాటిని వదిలేయండి. అసలు వీడియోను మాత్రం చెరపకండి. రెండో కొలత ఎప్పుడో వస్తుంది, అప్పుడు మళ్లీ తెరవాల్సింది దాన్నే.