పవర్డ్ స్పీకర్ల పాఠాలు – 3: పెట్టె ఎక్కడ, ఎంత ఎత్తున?

గత రెండు పాఠాల్లో పవర్డ్ స్పీకరు (యాంప్లిఫైయర్ లోపలే ఉండే స్పీకరు పెట్టె) లోపల ఏముందో, కేబుళ్ళు ఎలా కలపాలో చూశాం. మిక్సరు, రెండు స్పీకర్లు, ఒక మైకు కలిపి ఇంట్లో మాట వినిపించడం ఈపాటికి మీకు వచ్చే ఉంటుంది. ముందు మిక్సరు ఆన్ చేసి, స్పీకర్లను చివర ఆన్ చేయాలి. ఆపేటప్పుడు స్పీకర్లను ముందు ఆపాలి. ఈ వరుస తప్పినప్పుడు వచ్చే 'ఢబ్' శబ్దం హార్న్ (పెట్టె పై భాగంలో బాకా నోరులా ఉండేది) వెనుక ఉండి శబ్దాన్ని పుట్టించే చిన్న డ్రైవరును దెబ్బతీయగలదు, అందుకే మళ్ళీ గుర్తు చేస్తున్నాను.

ఈ పాఠంలో వాల్యూం జోలికి వెళ్ళం. పెట్టెలను ఎక్కడ నిలబెట్టాలి, ఎంత ఎత్తున ఉంచాలి, ఎటు తిప్పాలి, ఇవే చూస్తాం. పాఠాలన్నిటిలో దీనికే ఎక్కువ సమయం ఇవ్వమని నా మనవి. ఇక్కడ జరిగిన పొరపాటును మిక్సరు మీద ఏ బటనూ సరిదిద్దలేదు.

నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తలో, శ్రీరామనవమికి ఒక రామాలయంలో హరికథకు మైకు ఏర్పాటు చేశాను. వేదిక రెండు అంచుల మీద చెరో స్పీకరూ పెట్టాను. కథ సగంలో ఉండగా వెనుక వరుస నుంచి ఒక పెద్దావిడ నెమ్మదిగా నడిచి వచ్చి, "నాయనా, గొంతు బాగానే వినిపిస్తోంది గానీ మాట తెలియడం లేదు" అన్నారు. నేను వాల్యూం పెంచాను. ముందు కూర్చున్న పిల్లలు చెవులు మూసుకున్నారు. ఆవిడకు మాత్రం మాట అప్పటికీ తెలియలేదు.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. గొంతు వేరు, మాట వేరు. గొంతులోని బలమంతా అచ్చుల్లో ఉంటుంది. ఏ మాటో చెప్పేవి హల్లులు. పాలు, కాలు, తాలు, చాలు అనే నాలుగు మాటలనే తీసుకోండి. వీటిలో తేడా అంతా మొదటి హల్లులోనే ఉంది. ఆ హల్లుల గుర్తింపు ఎక్కువగా 2,000 హెర్ట్జ్‌కు పైన ఉండే శబ్దంలో ఉంటుంది (హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే లెక్క, అంకె పెరిగిన కొద్దీ శబ్దం సన్నబడుతుంది). స, శ, ష లయితే ఇంకా పైన. పెట్టెలో ఈ పై శబ్దాలను పలికించేది హార్న్. వాటి స్వభావం టార్చిలైటు వెలుగు లాంటిది. సూటిగా వెళతాయి, అడ్డం వచ్చిన మనుషుల బట్టల్లో, ఒంట్లో ఇంకిపోతాయి. కింది శబ్దాలు మనుషులను చుట్టుకుని వెనక్కి చేరతాయి. అంటే నేను వేదిక అంచున పెట్టిన స్పీకర్ల హల్లులను ముందు నాలుగు వరుసలే తినేశాయి. వెనుక వరుసకు అచ్చులు, మృదంగం మోత మిగిలాయి.

కాబట్టి మొదటి సూత్రం: హార్న్‌కూ చివరి వరుసలోని మనిషి చెవికీ మధ్య ఎవరి తలా అడ్డు రాకూడదు.

ఆ రామాలయం ఆవరణనే లెక్కకు తీసుకుందాం. వెడల్పు సుమారు 40 అడుగులు. మొదటి వరుస స్పీకర్లకు 10 అడుగుల దూరంలో, చివరిది 60 అడుగుల దూరంలో. జంపఖానాల మీద కూర్చున్నవారి చెవి నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. స్టాండు గొట్టాన్ని 6 అడుగులకు లేపితే, పెట్టెలో హార్న్ పై భాగంలో ఉంటుంది కనుక అది దాదాపు ఏడున్నర అడుగులకు చేరుతుంది. కూర్చున్నవారి తలల మీదుగా చివరి వరుస దాకా దారి తెరుచుకుంటుంది. వెనుక గోడ దగ్గర నిలబడి వినేవాళ్ళుంటే, వారి తలల వల్ల ఎవరికీ అడ్డు లేదు కదా అని కూడా చూసుకోండి.

ఎత్తు వల్ల మరో మేలు ఉంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్లు (శబ్దం బలాన్ని కొలిచే లెక్క) తగ్గుతుంది. 10 అడుగుల దగ్గర ఉన్నవారికీ 60 అడుగుల దగ్గర ఉన్నవారికీ తేడా 15 డెసిబెల్లు దాటుతుంది. వెనుకవారికి చాలినంత పెడితే ముందువారికి భరించరాని మోత. ఇప్పుడు హార్న్‌ను చివరి వరుస వైపు గురి పెట్టండి. చాలా పెట్టెల హార్న్ శబ్దాన్ని నిలువుగా సుమారు 60 డిగ్రీల మేర, అంటే నడిగీతకు పైన 30, కింద 30 డిగ్రీల మేర పరుస్తుంది. ఆ అంచుకు వచ్చేసరికి శబ్దం 6 డెసిబెల్లు తగ్గి ఉంటుంది. మన కొలతల్లో ముందు వరుస ఆ నడిగీతకు 20 డిగ్రీలకు పైగా కిందికి పడుతుంది. దగ్గరగా ఉన్నవారికి ఆ మేరకు మెత్తబడుతుంది, దూరంగా ఉన్నవారికి పూర్తి బలం అందుతుంది. తేడా మొత్తం పోదు గానీ ముందు వరుస పిల్లలు చెవులు మూసుకోరు.

దీన్ని వాట్లతో సాధించాలని చూడకండి. యాంప్లిఫైయర్ బలాన్ని రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్లే. 500 వాట్ల పెట్టె తీసేసి 1,000 వాట్ల పెట్టె కొన్నా అంతే. స్టాండును రెండు అడుగులు లేపడానికి ఖర్చేమీ లేదు.

కొన్ని పెట్టెల అడుగున స్టాండు గొట్టానికి రెండు రంధ్రాలుంటాయి. ఒకటి నిటారుగా నిలబెట్టేది, రెండోది కొద్దిగా కిందికి వంచేది. మన ఆవరణలో చివరి వరుసకు వంపు 5 డిగ్రీలు కూడా అక్కర్లేదు. ఆవరణ పొట్టిగా ఉండి వెనుక రాతి గోడ ఉంటే మాత్రం వంచే రంధ్రం చాలా మేలు చేస్తుంది. గోడకు కొట్టుకుని తిరిగి వచ్చే శబ్దం మాటలోని స్పష్టతను చెరిపేస్తుంది. పక్క గోడల విషయమూ ఇంతే. రెండు పెట్టెలనూ కొంచెం లోపలికి తిప్పండి, రెండు చూపులూ చివరి వరుస మధ్యలో కలిసేలా.

స్పీకర్లను గోడ మూలల్లోకి నెట్టకండి, నేల మీద పెట్టకండి. గోడ, నేల దగ్గరైన కొద్దీ కింది శబ్దాలు ఉబ్బుతాయి. మృదంగం గుమ్మని మోగుతుంది, దాసుగారి వచనం దాని అడుగున పడిపోతుంది. పెట్టె వెనుక కింది శబ్దాలను పెంచే 'బాస్ బూస్ట్' బటన్ ఉంటే హరికథకు దాన్ని ఆపివేయడమే మంచిది.

ఇక మైకు కూత సంగతి. స్పీకరు శబ్దం తిరిగి మైకులోకి చేరితే వచ్చే కీచుమోత అది. అందుకే స్పీకర్లు మైకు కంటే ముందు, జనం వైపు ఉండాలని అందరూ చెబుతారు. ఎవరి మైకు, ఎక్కడిదాకా వస్తుంది అన్నది ఆలోచించాలి. హరిదాసు ఒకచోట నిలబడరు. చిడతలు వాయిస్తూ, గజ్జెలతో అడుగులు వేస్తూ కథ రసకందాయంలో పడినప్పుడు వేదిక అంచు దాకా వస్తారు. మైకు మెడలోనో చేతిలోనో ఉంటే అదీ ఆయనతో వస్తుంది. సరిగ్గా ఆ ఘట్టంలోనే కూత లేస్తే ఆయన కష్టమంతా పోతుంది. అందుకే కొలత వేదిక మధ్య నుంచి తీయకండి. ఆయన రాగల చివరి అడుగు నుంచి కనీసం 4, 5 అడుగులు ముందుకు, వేదికకు రెండు పక్కలా నేల మీద స్టాండ్లు వేయండి. వేదిక మీద స్టాండు వద్దనడానికి మరో కారణం, ఆయన అడుగులకు చెక్క అదురుతుంది.

స్టాండు నిలబెట్టే ముందు మూడు కాళ్ళనూ పూర్తిగా విప్పండి. లోపల 12 అంగుళాల కోను ఉన్న పెట్టె బరువు సాధారణంగా 15 నుంచి 20 కిలోలు. ఇద్దరు కలిసి ఎత్తండి. గొట్టం రంధ్రంలో పిన్ను దూర్చిన తర్వాతే మర బిగించండి. మర ఒక్కదాన్నే నమ్మితే గొట్టం జారవచ్చు. మెత్తని నేల అయితే కాళ్ళ కింద చెక్కలు వేసి, కాళ్ళ మీద ఇసుక మూటలు పెట్టండి. పందిరి తోరణాలను స్టాండుకు కట్టనివ్వకండి. గాలి వీస్తే తోరణం లాగేది 20 కిలోల పెట్టెను, దాని కింద కూర్చునేది పిల్లలు. 'గుంయ్' శబ్దం పోతుందని త్రీపిన్ ప్లగ్గులోని ఎర్తు పిన్ను తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అది ప్రాణాల మీదికి వస్తుంది. మిక్సరుకూ స్పీకర్లకూ ఒకే చోటి నుంచి కరెంటు ఇస్తే ఆ శబ్దం చాలావరకు పోతుంది.

పెట్టెలు లేచాక రెండింటికీ ఒకే శబ్దం వెళ్ళేలా మిక్సరులో శబ్దాన్ని ఎడమ, కుడి స్పీకర్లకు పంచే పాన్ నాబ్‌లన్నీ మధ్యలో ఉంచండి. ఎడమ స్పీకరులో వయొలిన్, కుడి స్పీకరులో మృదంగం అనే పంపకం ఇక్కడ పనికిరాదు. ఎడమ పక్కన కూర్చున్నవారికీ కథ మొత్తం అందాలి. అనుమతి పత్రంలోని సమయం కూడా చూసుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా సడలింపు ఇస్తే అర్ధరాత్రి వరకు వాడవచ్చు.

అభ్యాసం: జనం రాకముందు ఒక మిత్రుణ్ణి మైకు దగ్గర నిలబెట్టి పాలు, కాలు, తాలు, చాలు అనే మాటలను తనకు తోచిన వరుసలో ఇరవై సార్లు చెప్పమనండి. మీరు చివరి వరుసలో జంపఖానా మీద కూర్చుని, అతని వైపు చూడకుండా విన్నది విన్నట్టు రాసుకోండి. ముందు ఇద్దరు ముగ్గురిని అడ్డంగా కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది. తర్వాత స్టాండును రెండు అడుగులు దించి మళ్ళీ చేయండి. రెండు కాగితాలనూ దాచి ఉంచండి. వచ్చే పాఠంలో మైకు గెయిన్ (మైకు శబ్దాన్ని మిక్సరు ఎంత పెంచాలన్నది) సర్దేటప్పుడు వాటితో పని ఉంది.