ఊళ్లో రేషన్ కార్డు, బెంగళూరులో బియ్యం: తీసుకునే పద్ధతి

మాది కదిరి దగ్గర పల్లె. వైట్‌ఫీల్డ్ వైపు సైట్లలో సెంట్రింగ్ మేస్త్రీని. నా దగ్గర పనిచేసేవాళ్లు ఎక్కువగా అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్లే. ఊళ్లో కార్డు పెట్టుకుని ఇక్కడ బియ్యం బయట రేటుకు కొంటుంటే నాకు మనసొప్పదు.

ఒక రాష్ట్రం కార్డుతో వేరే రాష్ట్రంలోనూ బియ్యం తీసుకునేందుకు పెట్టిన ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం 2019 ఆగస్టులో ఆంధ్ర-తెలంగాణ, గుజరాత్-మహారాష్ట్ర మధ్య మొదలైంది. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు జులై 31 కల్లా అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని గడువు పెట్టింది. 2022 జూన్‌లో అస్సాం కూడా చేరాక దేశమంతా వచ్చేసింది. రాష్ట్రాల కార్డుల లెక్కలన్నీ కలిపి, డీలరు చేతిలో వేలిముద్ర చూసే ఈ-పాస్ మిషన్ పెట్టే పని ఏ కంపెనీ నెత్తిన వేసుకోదు. అది ప్రభుత్వమే చేయాలి. కంప్యూటర్ కూలివాడి ఇంటిదాకా రావడమంటే నా లెక్కలో ఇదే.

బస్సెక్కే ముందే ఒక సంగతి తేల్చుకోండి. ఆంధ్రలో బియ్యం కార్డులన్నీ ఒకటి కాదు. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఉన్న కార్డుకే వేరే రాష్ట్రంలో బియ్యం వస్తాయి, రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డుకు రావు. మీది ఏదో సచివాలయంలో అడగండి. ఇంట్లో అందరి ఆధారూ రేషన్ కార్డుకు లింకైందో లేదో కూడా అక్కడే చూపించుకోండి.

ఇక్కడికి వచ్చాక ఏ రేషన్ షాపుకైనా వెళ్లొచ్చు. కార్డు చేతిలో లేకపోయినా కార్డు నంబరో ఆధార్ నంబరో చెబితే చాలు. కన్నడం రాదని జంకకండి. "ఆంధ్ర కార్డ్ ఇదె, రేషన్ కొడ్తీరా?" (ఆంధ్ర కార్డు ఉంది, రేషన్ ఇస్తారా?) అనండి, అర్థం చేసుకుంటారు.

అసలు టెన్షన్ వేలిముద్ర దగ్గరే. సిమెంటుతో పనిచేసే చేతులకు గీతలు అరిగిపోతాయి. మా సైట్లో ఆలూరు నుంచి వచ్చిన ఒక అక్క ఎన్నిసార్లు బొటనవేలు పెట్టినా మిషన్ తీసుకోలేదు. ఆమే చీర కొంగుతో ఆ అద్దం తుడిచి, ఉంగరం వేలు పెట్టింది. పడింది! అందుకే పని దిగాక కాకుండా పొద్దున్నే చేతులు సబ్బుతో కడుక్కుని, బాగా తుడుచుకుని వెళ్లండి. పది వేళ్లలో ఏదైనా పనికొస్తుంది. కొన్ని షాపుల్లో కంటిపాప మిషన్ ఉంటుంది, అడగండి. ఏదీ కుదరకపోతే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు మళ్లీ వేయించుకోవాల్సిందే.

మామూలు కార్డుకు మనిషికి నెలకు 5 కిలోలు, మరీ పేదవాళ్లకిచ్చే అంత్యోదయ కార్డు అయితే కుటుంబానికి 35. 2023 జనవరి నుంచి ఇవి ఉచితం, ఎవరు డబ్బులడిగినా ఇవ్వకండి. అన్నభాగ్య పథకం కింద కర్ణాటక అదనంగా ఇచ్చేది మాత్రం ఇక్కడి కార్డులకే, దానికోసం డీలరుతో గొడవ పడొద్దు.

కోటా మొత్తం ఒక్కచోటే తీసుకోవాలని లేదు. నలుగురున్న కార్డుకు 20 కిలోలైతే మీరిక్కడ 10 తీసుకోవచ్చు, మిగతాది ఊళ్లో అమ్మానాన్నలు తీసుకుంటారు. ముందు వాళ్లకు ఫోన్ చేసి మాట్లాడుకోండి. ఒకరు మొత్తం ఎత్తేస్తే రెండోవాళ్లకు ఆ నెల ఏమీ మిగలదు. ముసలివాళ్ల నోటి దగ్గరి కూడు అది.

తూకం అయ్యాక మిషన్ నుంచి వచ్చే చీటీ అడిగి తీసుకోండి. చీటీలో 10 ఉండి సంచిలో 8 ఉంటే అక్కడే అడగాలి, గడప దాటాక వినరు.

"బయటి కార్డులకు లేదు" అని ఒక డీలరు మావాళ్లను తిప్పి పంపాడు. అలా అంటే రేషన్ హెల్ప్‌లైన్ 14445కు గానీ 1967కు గానీ ఫోన్ చేయండి. షాపు నంబరు అడుగుతారు, అది బోర్డు మీదే రాసి ఉంటుంది. ముందే ఫోటో తీసి పెట్టుకోండి.