1/20 స్కేలు రేసు కారుకు సన్నని భాగాలను చేత్తో చేసుకునే విధానం

స్కేలు మోడల్ రేసు కారులో కంటికి మొదట పట్టుబడే లోపం లావు. కిట్టులోని ప్లాస్టిక్ భాగాలు అచ్చులోంచి విరగకుండా బయటికి రావాలి కనుక తయారీదారులు వాటి అంచులను మందంగానే ఉంచుతారు. ఇంజను వైర్లు, బ్రేకు గొట్టాలు, సీటు బెల్టుల బకిల్స్ వంటివి చాలా కిట్లలో అసలే ఉండవు. వాటిని మనమే చేసుకోవాలి, చేసుకునేటప్పుడు అదే లావును మళ్ళీ తెచ్చి పెట్టకూడదు. అందుచేత ఈ పనిలో బ్లేడు కంటే ముందు పట్టుకోవలసినది స్కేలూ పెన్సిలూ.

ఉదాహరణకు 1/20 స్కేలులోని, అంటే అసలు కారులో ఇరవయ్యో వంతు ఉండే, టిరెల్ పి34ను తీసుకుంటాను. 1976, 1977 సీజన్లలో పరుగెత్తిన ఈ ఆరు చక్రాల ఫార్ములా వన్ కారును డెరెక్ గార్డ్‌నర్ రూపొందించారు. 1976 స్వీడిష్ గ్రాండ్ ప్రిలో ఈ కార్లే మొదటి రెండు స్థానాలూ దక్కించుకున్నాయి. ముందువైపు నాలుగు చిన్న చక్రాలకూ వేర్వేరుగా బ్రేకులు ఉండడంవల్ల మామూలు కారుకు ముందు రెండు చోట్ల చేయవలసిన గొట్టాల పని ఇక్కడ నాలుగు చోట్ల చేయాలి. డ్రైవరు వెనుక బయటికే కనిపించే ఇంజను కాస్‌వర్త్ డీఎఫ్‌వీ, అంటే 2,993 సీసీల వి8 (వి ఆకారంలో అమర్చిన ఎనిమిది సిలిండర్లది). 1967 డచ్ గ్రాండ్ ప్రిలో తొలి పోటీలోనే జిమ్ క్లార్క్‌ను గెలిపించిన ఆ ఇంజనును ఆ తరువాతి దశాబ్దంలో లోటస్, మెక్‌లారెన్ మొదలుకొని ఎన్నో జట్లు వాడాయి. కాబట్టి ఈ ఒక్క ఇంజనును శ్రద్ధగా చేయడం నేర్చుకుంటే ఆ కాలపు కార్లలో సగానికి పైగా పని చేతికి వచ్చినట్టే.

ముందుగా ఫొటోలు సమకూర్చుకోవాలి. ఇప్పుడు మ్యూజియాల్లోనూ పాత కార్ల పోటీల్లోనూ కనిపించే వాహనాలకు మరమ్మతుల్లో కొత్త తరహా గొట్టాలు, బిగింపులు పడి ఉండవచ్చు. మీరు చేస్తున్నది ఏ ఏడాది, ఏ పోటీలోని కారో నిర్ణయించుకుని, ఆ నాటి ఫొటోలనే ప్రమాణంగా పెట్టుకోవడం మంచిది. ఫొటోలో కనబడని గొట్టాన్ని ఊహించి పెట్టడం కంటే వదిలేయడమే మేలని నా అభిప్రాయం.

తరువాత కొలతలు రాసుకోవాలి. అసలు కారులో స్పార్కు ప్లగ్గు వైరు సుమారు 7 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దాన్ని 20తో భాగిస్తే 0.35 వస్తుంది. బ్రేకు గొట్టం 6 మిల్లీమీటర్లు అనుకుంటే 0.3, ఆయిల్ గొట్టం 25 అనుకుంటే 1.25, 75 మిల్లీమీటర్ల వెడల్పున్న భుజం బెల్టు 3.75 అవుతాయి. రంగు కూడా మందాన్ని పెంచుతుంది కనుక, రంగు వేయవలసిన తీగను లెక్కకు వచ్చిన దానికంటే ఒక సైజు తక్కువలో ఎంచుకోవాలి.

ఇంత సన్నని తీగ కోసం ఎక్కడికో ఆర్డరు పెట్టనక్కరలేదు. పొలాల్లో బోరు మోటార్లు, ఇళ్లలో ఫ్యాన్లు ఉన్నంతకాలం విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా మోటారు వైండింగ్ షాపులకు కొదవ ఉండదు. అక్కడ ఎనామిల్ పూసిన రాగి తీగ గేజి లెక్కన దొరుకుతుంది. గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోవాలి: 28 గేజి తీగ 0.376 మిల్లీమీటర్లు, 30 గేజి 0.315, 32 గేజి 0.274, 36 గేజి 0.193. వైండింగులో మిగిలిపోయిన రెండు మూడు మూరల ముక్కలు మన కారుకు బోలెడు, అడిగితే కాదనేవారు తక్కువ. చేతిలో ఉన్న తీగ ఏ సైజో తెలియనప్పుడు దాన్ని పెన్సిలు మీద 20 చుట్లు ఖాళీ లేకుండా చుట్టి, ఆ చుట్ల మొత్తం వెడల్పును కొలిచి 20తో భాగిస్తే ఖరీదైన పరికరమేదీ లేకుండానే మందం తెలుస్తుంది. మధ్య సైజు కావలసి వస్తే, కంసాలి తీగను కమ్మచ్చులోంచి (తీగను సన్నబరిచే రంధ్రాల పలకలోంచి) ఒకసారి లాగి ఇస్తే సరిపోతుంది. శ్రావణం (కంసాలుల సన్నకొసల పట్టకారు), సన్నని ఆకురాళ్లు కూడా వారి పనిముట్లు అమ్మే దుకాణంలోనే కొనుక్కోవడం మంచిది, ఎందుకంటే సాధారణ పట్టకారు కొసలు ఇంత సన్నని తీగ మీద కలవవు.

వైండింగు తీగ చుట్టలోంచి వచ్చినప్పుడు వంకరలతో ఉంటుంది, ఆ వంకరలు అలాగే ఉంటే ఎంత సన్నని తీగైనా వైరులా కనిపించదు. ఒక కొసను బల్లకు బిగించి, రెండో కొసను పట్టకారుతో పట్టుకుని, తీగ కొద్దిగా సాగినట్టు చేతికి తెలిసేవరకు మెల్లగా లాగితే అది తిన్నగా అవుతుంది. ఆపై కావలసిన వంపులను సూది లేదా డ్రిల్లు బిట్టు చుట్టూ తిప్పి చేయాలి. గోళ్లతో వంచితే మూలలు పడతాయి, రబ్బరు వైరుకు మూలలుండవు.

డీఎఫ్‌వీలో సిలిండరుకు నాలుగు కవాటాలు, వాటి నడుమ ఒకే ప్లగ్గు కనుక మొత్తం ఎనిమిది వైర్లు కావాలి. ప్లగ్గులుండే చోట సూదితో గుంట పెట్టి, చేతి డ్రిల్లుతో 0.4 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. సర్క్యూట్ బోర్డుల కోసం అమ్మే కార్బైడ్ బిట్లు చాలా పదునైనవే గాని పక్కకు ఏమాత్రం వంగినా పుటుక్కున విరుగుతాయి. కొత్తగా మొదలుపెట్టేవారు మామూలు స్టీలు బిట్లు వాడడం క్షేమం. ప్లగ్గు టోపీల కోసం ఇంటర్నెట్ లాన్ కేబులు ముక్కలోని సన్నని తీగల పైతొడుగును ఒలిచి, 2 మిల్లీమీటర్ల గొట్టాలుగా కోసి రాగి తీగకు తొడగాలి. ఆ తొడుగు బయటి మందం దాదాపు 0.9 మిల్లీమీటర్లు, అంటే అసలు కారులో 18 మిల్లీమీటర్లు, టోపీకి సరిగ్గా సరిపోయే కొలత. ఎనిమిది వైర్లనూ ఒకే పొడవున కోయకుండా, ఒక్కొక్కదాన్ని ఫొటోలోని దారి వెంట నడిపి చూసి, అప్పుడే కోయాలి.

లావు గొట్టాలకు రాగి కంటే సోల్డరింగు తీగ అనువైనది. అది మెత్తగా వంగుతుంది, వంచిన చోటే నిలుస్తుంది, 0.8 నుంచి 1.2 మిల్లీమీటర్ల వరకు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతుంది. ఆ కాలపు రేసు కార్ల గొట్టాలకు స్టీలు తీగల అల్లిక ఉంటుంది. 0.3 మిల్లీమీటర్ల బ్రేకు గొట్టం మీద ఆ అల్లిక కంటికి ఆనదు, మసక వెండి రంగు చాలు. 1.2 మిల్లీమీటర్ల ఆయిల్ గొట్టం మీద మాత్రం కనిపించాలి. తీగను గాజు పలక మీద పెట్టి, సన్నని పళ్లున్న చదునైన ఆకురాయిని దానిమీద ఏటవాలుగా ఆనించి ఒకే ఒక్క చుట్టు దొర్లించాలి. తరువాత ఆకురాయిని అడ్డదిశకు తిప్పి మరొక చుట్టు దొర్లించాలి. మెత్తని లోహం మీద రెండు వైపుల గీతలూ ఒకదాన్నొకటి దాటి చాప అల్లికలా తేలతాయి. ఎక్కువ బరువు వేస్తే తీగ చదునవుతుంది, ఎక్కువసార్లు తిప్పితే గీతలు కలిసిపోయి గరుకుదనమే మిగులుతుంది. దానికి నల్లటి రంగు వేసి, ఆరాక, దాదాపు ఎండిపోయిన కుంచెతో వెండి రంగును పైపైన తాకిస్తే గీతల మధ్య నలుపు నిలిచి అల్లిక స్పష్టమవుతుంది. సోల్డరింగు తీగలో సాధారణంగా సీసం ఉంటుంది కాబట్టి పని ముగియగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ముక్కలను పిల్లలకు అందనీయకూడదు.

గొట్టాల కొసల్లో ఉండే బిగింపులకు మందుల షాపులో కొన్న కొత్త సిరంజి సూదులు చక్కని స్టీలు గొట్టాలు: ఆకుపచ్చ మూతి సూది సుమారు 0.8 మిల్లీమీటర్లు, నీలం మూతిది 0.6, గులాబీ మూతిది 1.2. వాడేసిన సూదులను ముట్టుకోవద్దు. సూదిని బ్లేడుతో నొక్కి కోస్తే నోరు మూసుకుపోతుంది. మూడంచుల ఆకురాయితో చుట్టూ గాటు పెట్టి విరవాలి, ముక్క ఎగిరి కంటిలో పడకుండా అద్దాలు పెట్టుకోవాలి. ఆ ముక్కకు వెండి రంగు మీద పారదర్శకమైన ఎరుపు లేదా నీలం పూస్తే, రంగు పట్టించిన అల్యూమినియం నట్టులా మెరుస్తుంది.

ఇంజను మీద నిలబడి దానిలోకి గాలిని పంపే ఎనిమిది గొట్టాల నోళ్లే మోడల్‌ను నిలబెడతాయి లేదా పడగొడతాయి. అసలు వాటి రేకు మందం ఒక మిల్లీమీటరు అనుకుంటే మన స్కేలులో 0.05 కావాలి, కిట్టులోని ప్లాస్టిక్ అంచు అంతకు ఎన్నో రెట్లు లావు. మొత్తం గొట్టాన్ని పలచన చేయనక్కరలేదు. చూసేవారికి అంచు మాత్రమే కనిపిస్తుంది. సూదిమొన బ్లేడును నోటి లోపల ఏటవాలుగా ఆనించి, గొట్టాన్ని వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పుతూ పొడి పొడిగా రాలేటట్టు గీకాలి. అంచును వెలుతురుకు పెట్టి చూస్తే ప్లాస్టిక్ గుండా కాంతి రావడం మొదలవుతుంది, అక్కడ ఆపాలి. ఎనిమిదింటినీ ఒకే రోజు ఒకే వెలుతురులో చేస్తే మందం ఒకేలా వస్తుంది.

ఆ నోళ్ల మీద వల ఉన్న కారును చేస్తున్నట్లయితే టీ వడపోత జాలీని వాడకూడదు, అది ఈ స్కేలులో కోళ్ల గూడు కంచె అంత పెద్దదవుతుంది. శుభలేఖలు అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్ షాపులో మిగిలే నైలాన్ స్క్రీన్ ముక్కను అడగాలి. సెంటీమీటరుకు 43 దారాలున్న స్క్రీనులో దారానికీ దారానికీ దూరం 0.23 మిల్లీమీటర్లు, అసలు కొలతలో నాలుగున్నర మిల్లీమీటర్ల పైచిలుకు. ఇంతకంటే తగినది నాకు దొరకలేదు.

సీటు బెల్టులకు గుడ్డ వాడాలని ఎవరికైనా అనిపిస్తుంది. సన్నని నూలుకు పేరుపడ్డ పొందూరు మన దగ్గరే ఉన్నా, ఇక్కడ మాత్రం గుడ్డ పనికిరాదు: 100 కౌంటు దారమే దాదాపు 0.09 మిల్లీమీటర్లుంటుంది, దాన్ని 20 రెట్లు చేస్తే ఒక్కొక్క పోగు 1.8 మిల్లీమీటర్ల తాడవుతుంది. పలుచని కాగితపు మాస్కింగు టేపును 3.75 మిల్లీమీటర్ల పట్టీలుగా కోసి, రంగు వేసి, సీటు ఒంపులకు అనుగుణంగా వేలితో అదమడం మేలు. బకిల్స్‌ను ఫ్యూజు తీగతో దీర్ఘచతురస్రంగా వంచి, నున్నని స్టీలు పలక మీద సుత్తితో ఒక్క దెబ్బ చదును చేయాలి.

జిగురు విషయంలో మన కోస్తా వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఫెవిక్విక్ వంటి జిగుర్లు గాలిలోని తేమతోనే గట్టిపడతాయి కనుక వానాకాలంలో అవి అనుకున్నదానికంటే త్వరగా బిగుసుకుంటాయి, పైగా వాటి ఆవిరి చుట్టుపక్కల తెల్లని పొరలా పేరుకుంటుంది. పి34లో డ్రైవరు తన ముందు చక్రాలను చూసుకోవడానికి కాక్‌పిట్ పక్కల చిన్న కిటికీలుంటాయి. ఆ పారదర్శక ముక్కల దగ్గర ఆ జిగురును తేకూడదు, ఫెవికాల్ చాలు. మిగతా చోట్ల చుక్కను రేకు మీద వేసుకుని, సూది మొనతో తీసి తాకించాలి. సీసాను బిగుతైన డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే ఎక్కువ కాలం నిలుస్తుంది. ముసురు పట్టిన రోజున లాకరు రంగు చల్లకూడదు. థిన్నరు ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరచడంవల్ల తేమ అక్కడ చేరి రంగు పాలిపోతుంది.

ఏ గొట్టాన్నైనా అతికించే ముందు పై కవచాన్ని ఒకసారి మూసి చూడాలి, ఎందుకంటే ఇంజను పక్కనుంచి 1 మిల్లీమీటరు బయటికి వచ్చిన వంపు చాలు కవచాన్ని కూర్చోనీయకపోవడానికి. ముందు చక్రాల బ్రేకు గొట్టాలను అన్నిటికంటే చివర పెట్టాలి. చక్రాలు తిరిగేటట్టే ఉంచదలిస్తే, వాటిని రెండు వైపులా పూర్తిగా తిప్పి, బయటివైపుకు ఎక్కువ దూరం పోయే స్థితిలో గొట్టం పొడవును కొలవాలి. బ్రేకు గొట్టాలకు వాడే 32 గేజి తీగ పదేపదే వంగితే తెగుతుంది కనుక అటువంటి చోట దానికి బదులు నల్లని ఎలాస్టిక్ దారాన్ని వాడి, కొసలను మాత్రం సూది గొట్టాల్లో దూర్చి అతికించాలి.